తయారీ ఆగిపోయిన బ్లాక్ పౌడర్ రివాల్వర్‌కు ఎంత ధర ఇవ్వవచ్చు?

"ఇది ఇప్పుడు తయారు కావడం లేదండీ" అని అమ్మేవారు అనగానే కొనేవారు బేరం ఆపి తలూపడం అమెరికాలోని పాత తుపాకుల ప్రదర్శనల్లో తరచుగా కనిపించే దృశ్యం. నా దృష్టిలో ఆ మాట ఒక్కటే ధరకు ఒక్క డాలరు కూడా కలపదు. ఆ రివాల్వర్ చేసే పనిని ఈ రోజు దుకాణంలో దొరికే కొత్తది చేయగలదా లేదా అన్నది మొదట తేల్చుకోవాలి. చేయగలిగితే కొత్తదాని ధరే పాతదానికి గరిష్ఠ పరిమితి. చేయలేకపోతే ఆ పరిమితి లేదు, కాబట్టి అలాంటి రివాల్వర్లు ఇటీవల నిజంగా ఎంతకు అమ్ముడయ్యాయో చూసుకోవాలి.

ఇక్కడ నేను చెబుతున్నది తూటాలు వాడే రివాల్వర్ల గురించి కాదు. సిలిండర్‌లోని ఒక్కొక్క గదిలో బ్లాక్ పౌడర్ అనే పాతకాలపు తుపాకి మందు పోసి, సీసపు గుండును కూరి, వెనక నిపుల్ అనే చిన్న గొట్టం మీద, దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే రాగి క్యాప్ తొడిగి పేల్చే పందొమ్మిదో శతాబ్దపు పద్ధతి రివాల్వర్లకు తర్వాతి కాలంలో వచ్చిన నకళ్లు, వాటి బంధువుల గురించి. 1968 నాటి ఫెడరల్ చట్టం వీటిని సాధారణంగా ఆయుధాల నిర్వచనం నుంచి మినహాయించింది గనుక, చాలా రాష్ట్రాల్లో ఇవి నేరుగా ఇంటికే పార్సిల్‌లో వస్తాయి. అందువల్ల వీటి ధర ఊరికొక తీరుగా కాకుండా దేశమంతటా దాదాపు ఒకే స్థాయిలో ఉంటుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో మాత్రం ఈ వెసులుబాటు లేదు. అక్కడ వీటికి కూడా మామూలు పిస్టల్‌కు తీసుకున్నట్టే ముందుగా పర్మిట్ తీసుకోవాలి.

గరిష్ఠ పరిమితి లేని రివాల్వర్‌కు మంచి ఉదాహరణ రూగర్ ఓల్డ్ ఆర్మీ. 1972లో మొదలై 2008లో తయారీ ఆగిపోయిన ఈ రివాల్వర్ ఏ పాత నమూనాకూ నకలు కాదు. రూగర్ సంస్థ తూటాలు వాడే తన బ్లాక్‌హాక్ రివాల్వర్ నిర్మాణాన్నే బ్లాక్ పౌడర్‌కు అనువుగా మలిచింది. లోపల పాత కోల్ట్‌లలో ఉండే పల్చటి బద్దీ స్ప్రింగుల బదులు చుట్ట స్ప్రింగులు ఉంటాయి, ఫ్రేము చాలా దృఢంగా ఉంటుంది, స్టెయిన్‌లెస్ స్టీలులో కూడా చేశారు. ఇటలీ నకళ్లలో .44 రకానికి సాధారణంగా .451 లేదా .454 అంగుళాల గుండు వాడితే, దీనికి .457 గుండు కావాలి. ఇన్ని గుణాలూ కలిసిన కొత్త రివాల్వర్ ఈ రోజు దొరకదు కాబట్టి దీని ధర పెరగడంలో న్యాయం ఉంది. అయితే ఆ న్యాయం పేరు చెప్పి అన్యాయంగా అడిగేవారూ ఉన్నారు. బారెల్ మీద "అమెరికా స్వాతంత్ర్యపు 200వ సంవత్సరంలో తయారైనది" అన్న అర్థంలో చెక్కిన వాక్యాన్ని చూపించి అదనంగా అడగడం వాటిలో ఒకటి. 1976లో రూగర్ చేసిన తుపాకులన్నిటి మీదా ఆ వాక్యం ఉంటుంది కనుక అది ఆ సంవత్సరపు ముద్రే తప్ప అరుదైన ముద్ర కాదు.

ఇటలీ నకళ్ల సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. అర్మి శాన్ మార్కో అనే ఇటలీ సంస్థ మూతపడింది, నిజమే. కానీ అది చేసిన 1851 నేవీ, 1860 ఆర్మీ అనే పాత కోల్ట్ నమూనాలను ఉబర్టి, పియెట్టా అనే ఇటలీ సంస్థలు ఇప్పటికీ చేస్తూనే ఉన్నాయి. పైగా మూతపడిన సంస్థ రివాల్వర్‌కు స్ప్రింగో, సిలిండర్‌ను తిప్పే హ్యాండ్ అనే భాగమో విరిగితే వేరే సంస్థ భాగం సూటిగా అమరుతుందన్న నమ్మకం లేదు. ఆకురాయి పట్టి సరిచేసుకోవాల్సి వస్తుంది. అంటే తయారీ ఆగిపోవడం ఇక్కడ ధర పెంచే కారణం కాదు, తగ్గించే కారణం. కొత్త ఉబర్టి నాలుగు వందల డాలర్లనుకుంటే, అదే నమూనాలో బాగా ఉన్న శాన్ మార్కోకు నేను అందులో సగానికి కాస్త అటూ ఇటూగా తప్ప ఇవ్వను.

వీటి వయసు విషయంలో అమ్మేవారి మాట మీద ఆధారపడనక్కరలేదు. ఇటలీ తుపాకుల పరీక్షా కేంద్రం వేసిన ముద్రల్లో, ఒక చిన్న చతురస్రంలో రెండు అక్షరాలు కనిపిస్తాయి. ఏఏ అంటే 1975, ఏబీ అంటే 1976, ఏఎఫ్ అంటే 1980, ఏజెడ్ అంటే 1990, బీఏ అంటే 1991. 1975కు ముందువాటికి రోమన్ అంకెలు ఉంటాయి. ఈ ముద్ర ఒక్కోసారి ఫ్రేము పక్కన, ఒక్కోసారి బారెల్ అడుగున, గుండును కూరే లోడింగ్ లీవర్ చాటున ఉంటుంది. అమెరికా అంతర్యుద్ధ శతాబ్ది ఉత్సవాల నాటిదని, అంటే 1960ల ఆరంభం నాటిదని చెబుతూ చూపించిన రివాల్వర్ లీవర్‌ను కిందికి దించి చూస్తే ఏఎఫ్ అని కనిపించిన తర్వాత బేరం సగం ముగిసినట్టే.

పందొమ్మిదో శతాబ్దపు అసలువి మొదటి తరం అయితే, తర్వాత కోల్ట్ సంస్థ స్వయంగా తన పేరుతో విడుదల చేసిన రెండో తరం రివాల్వర్ల లెక్క వేరు. 1971లో 1851 నేవీతో మొదలై 1982 దాకా వచ్చిన వీటిని చాలామంది పేల్చడానికి కాక దాచుకోవడానికి కొంటారు. కాబట్టి ఒక్కసారి కూడా పేల్చని, పెట్టె, కాగితాలతో సహా ఉన్న రివాల్వర్‌కూ, వాడిన రివాల్వర్‌కూ మధ్య ధరలో చాలా తేడా ఉంటుంది. నేవీ సిలిండర్ చుట్టూ టెక్సస్, మెక్సికో నౌకాదళాలు 1843లో పోరాడిన దృశ్యం చెక్కి ఉంటుంది. ఓడల తెరచాపల మీదుగా సన్నటి గీత పడిందంటే, ఎవరో క్యాప్ మీద కొట్టే హ్యామర్‌ను లాగి సిలిండర్‌ను తిప్పి ఆడుకున్నారని అర్థం. పేల్చాలనుకునేవాడికి ఆ గీత వల్ల నష్టం లేదు. దాచుకునేవాడికి అది ఉన్నప్పుడు "కొత్తది" అన్న మాట చెల్లదు. సామ్యూల్ కోల్ట్ సంతకంతో 1990లలో బ్రూక్లిన్‌లోని సంస్థ విడుదల చేసిన మూడో తరం వాటికి రెండో తరం ధర అడిగితే నేను అక్కడ ఆగను.

నిజంగా ఎంతకు అమ్ముడవుతున్నాయో తెలుసుకోవడానికి అడిగే ధరలు పనికిరావు. ఏళ్ల తరబడి అమ్ముడుపోని వస్తువు ధరే అందరికీ ఎక్కువసార్లు కనిపిస్తుంది కాబట్టి మనకు తెలియకుండానే దాన్నే మార్కెట్ ధర అనుకుంటాం. వేలం ముగిసి, కొనుగోలుదారు దొరికిన లావాదేవీలను మాత్రమే తీసుకోవాలి. వాటిలోనూ పోటాపోటీగా ఇద్దరు పెంచుకుంటూ పోయిన ఒక్క వేలాన్ని పక్కన పెట్టాలి. వేలం సంస్థలు కొనేవారి దగ్గర తీసుకునే కమీషన్, పన్ను, రవాణా ఖర్చు కలిపితేనే అసలు చెల్లించిన మొత్తం తెలుస్తుంది.

ఆ మొత్తం నుంచి ఎంత తగ్గించాలన్నది చేతిలోకి తీసుకుంటే తప్ప తేలదు. బ్లాక్ పౌడర్ మసి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కాల్చిన రోజే కడగకపోతే ఇనుమును తినేస్తుంది. అందుకే బయటి నీలి మెరుపు కంటే ముందు బారెల్ లోపల, ఆ తర్వాత ఆరు గదుల అడుగున టార్చి వేసి చూడాలి. అడుగున గుంటలు పడి ఉంటే ఎంత తగ్గించినా నేను తీసుకోను. నిపుల్స్ అంచులు పుట్టగొడుగుల్లా విచ్చుకుని ఉంటే అది చిన్న ఖర్చు, కొత్తవి బిగించుకోవచ్చు. కానీ రెంచికి కదలని నిపుల్ చిన్న ఖర్చు కాదు. హ్యామర్‌ను మెల్లగా లాగినప్పుడు, చివరికంటా వచ్చేలోగా సిలిండర్ తాళం పడిన చప్పుడు వినిపించాలి. ఆరు గదులకూ ఆరుసార్లు చూడాలి. ఇత్తడి ఫ్రేము ఉన్నవాటిలో సిలిండర్ వెనక ఉండే గోడ మీద గుండ్రటి అచ్చు దిగిందేమో చూడాలి. దిగితే ఎక్కువ మందు పోసి కాల్చి ఫ్రేమును సాగదీశారన్నమాట, దానికి మరమ్మతు లేదు. అక్షరాల అంచులు మొద్దుబారి, స్క్రూల చుట్టూ లోహం పల్లంగా ఉంటే పాత తుప్పును రుద్ది కొత్త రంగు వేశారని గ్రహించాలి. ఇలాంటి మెరుపుకు ధర ఇవ్వకూడదు సరికదా, దాని కింద ఏముండేదో తెలియదు కాబట్టి ఇంకాస్త తగ్గించి అడగాలి.

1970లలో చాలా నకళ్లు కిట్లుగా కూడా అమ్ముడయ్యాయి. కొన్నవారే చెక్కను రుద్ది, లోహానికి రంగు వేసుకున్నారు. వాటిలో పనితనం బాగున్నవీ ఉన్నాయి, హ్యామర్ వంకరగా పడేవీ ఉన్నాయి. ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ గ్రామంలో జూన్‌లోనూ సెప్టెంబరులోనూ జరిగే పాతకాలపు తుపాకుల పోటీల దగ్గర వరసగా వేసే దుకాణాల్లో ఇవి బల్లల మీద కుప్పగా దొరుకుతాయి. అక్కడైతే విప్పి చూపించమని అడిగితే ఎవరూ కాదనరు. విప్పి చూపించనివారి దగ్గర కొనవలసి వస్తే, పనిచేయని రివాల్వర్‌కు, అంటే విడిభాగాల కోసం తీసుకునే రివాల్వర్‌కు, ఎంత ఇస్తామో అంతకు మించి ఇవ్వకూడదన్నది నేను పెట్టుకున్న నియమం.