ఒక్క గడి మార్చినందుకు

పొద్దున్నే కారు ఇన్సూరెన్సు ఫారం ముందేసుకుని కూర్చున్నాను. మా కవలలిద్దరికీ కిందటి నెలలోనే లైసెన్సులు వచ్చాయి. ఒకే ఇల్లు, ఒకే కారు, ఒకే పుట్టినరోజు. ముందు అబ్బాయి వివరాలు నింపి ప్రీమియం చూశాను. అమ్మాయికి మళ్లీ మొదటినుంచీ ఎందుకులే అని పేరు మార్చి, 'పురుషుడు' ఉన్నచోట 'స్త్రీ' అని నొక్కాను. ప్రీమియం తగ్గింది. పొరపాటేమోనని మళ్లీ 'పురుషుడు' నొక్కాను. పెరిగింది.

వెనకే నిలబడి చూస్తున్నాడు వాడు. "నేనేం చేశానమ్మా?" అన్నాడు.

ఏమీ చెయ్యలేదు. వాడు కారు వెనక్కి తీస్తుంటే నేను పక్కన కూర్చున్నాను కదా. అద్దాలు మూడూ చూసుకుంటాడు, అదీ చాలదని మెడ పూర్తిగా తిప్పి వెనక్కి చూస్తాడు, అప్పుడుగాని కాలు బ్రేకు మీంచి తియ్యడు. పసుపు లైటు పడితే వాళ్ల చెల్లి "వెళ్లిపోవచ్చు కదరా" అన్నా ఆగిపోతాడు.

కంపెనీలు ఊరికే వేసిన లెక్క కాదది, నాకూ తెలుసు. ప్రాణాలు పోయే ప్రమాదాల్లో కుర్రాళ్లే ఎక్కువ. అతివేగం, తాగి నడపడం, బెల్టు పెట్టుకోకపోవడం, అన్నిటా మగవాళ్లదే పైచేయి. కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్ల గురించి కంపెనీకి ఇంకేమీ తెలియదు కాబట్టి, వాళ్లలాంటి వాళ్లందరినీ ఒక గాటన కట్టేస్తుంది. ఏళ్లు గడిచి సొంత రికార్డు ఏర్పడితే ఈ తేడా తగ్గిపోతుంది. కానీ పద్దెనిమిదేళ్ల పిల్లాడు ఎవరో చేసిన తప్పులకి ఇవాళ ఎందుకు కట్టాలి? ఇదే నాకు మింగుడుపడలేదు.

ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2011 మార్చి 1న ఇది వివక్షేనని తేల్చింది. 2012 డిసెంబర్ 21 నుంచి రాసే కొత్త పాలసీల్లో ఆడ, మగ అని చూసి రేటు కట్టకూడదు. కాలిఫోర్నియాలో 2019 నుంచి కారు ఇన్సూరెన్సుకి అదే నియమం. అక్కడ ముందు చూసేవి డ్రైవింగ్ రికార్డు, ఏడాదికి తిరిగే దూరం, ఎన్నేళ్ల అనుభవం.

అమ్మాయి మాత్రం "నాకు తగ్గింది కదమ్మా, పోనీలే" అంది. దాన్ని కూర్చోబెట్టి చెప్పాను. ఆడవాళ్లు ఎక్కువకాలం బతుకుతారని, ఇదే లెక్కతో పింఛను పాలసీల్లో మగవాళ్లు కట్టినంత కట్టినా నెలనెలా తక్కువ చేతికిచ్చేవాళ్లు. ఇవాళ నీకు కలిసొచ్చిన లెక్కే, రేపు నీ చేతిలోంచి లాక్కుంటుంది అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నయ్య దగ్గరికెళ్లి ఆ స్క్రీను మళ్లీ చూసింది.

ఫారం ఇంకా పంపలేదు. కారులో చిన్న పరికరం పెట్టో, ఫోన్‌లో యాప్ వేసో వేగం, బ్రేకులు వేసే తీరు కొలిచి, దాన్నిబట్టి ప్రీమియం లెక్కగట్టే పాలసీలున్నాయి. తిరిగిన ప్రతి చోటూ వాళ్లకి తెలిసిపోతుందన్న బెంగ నాకు ఉంది. వాడు మాత్రం "చూసుకోనీ అమ్మా, నన్నే చూడమను" అంటున్నాడు. రేపు ఫోన్ చేసి కనుక్కోవాలి.