భుజంలో చిరుగు, చంకలో టవల్: నా అనుభవం

అల్మారా పైనున్న సూట్‌కేసు అందుకోబోతే కుడి భుజంలో కలుక్కుమంది. బెణికిందేమోలే అని బామ్ రాసి ఊరుకున్నాను. పగలు ఎలాగో గడిచిపోయేది, రాత్రే నరకం, ఆ వైపు ఒత్తిగిలితే చాలు మెలకువ వచ్చేసేది. చెయ్యి పక్కనుంచి ఎత్తుతుంటే మొదట ఏమీ ఉండదు, భుజం ఎత్తుకు వచ్చేసరికి కళ్లలో నీళ్లు తిరిగేవి, అది దాటి పైకి లేపేస్తే మళ్లీ హాయి.

కదిపితేనే కదా నొప్పి అని మూడు వారాలు ఆ చేతిని పొట్టకు ఆనించుకుని తిరిగాను. తెలివితక్కువ పని. నొప్పి తగ్గకపోగా చేతిలో సత్తువ పోయింది, నీళ్ల జగ్గు ఎత్తి గ్లాసులోకి వంచలేకపోయాను.

అప్పుడు వెళ్లాను డాక్టర్ దగ్గరికి. ముందు నన్నే చెయ్యి ఎత్తమన్నారు, తర్వాత వదులుగా ఉంచమని ఆయన ఎత్తారు. నేను ఎత్తలేని చోటికి ఆయన ఎత్తితే వెళ్లింది! భుజం కీలు బిగుసుకుపోయే ఫ్రోజెన్ షోల్డర్ అయితే ఎవరు ఎత్తినా లేవదట. బొటనవేళ్లు నేలవైపు తిప్పి రెండు చేతులూ ముందుకు చాపమని పైనుంచి నొక్కితే ఎడమది నిలబడింది, కుడిది జారిపోయింది. ఎక్స్‌రే మామూలుగానే ఉంది, కండరాన్ని ఎముకకు కలిపే టెండన్లు అందులో కనిపించవు కదా. ఎమ్మారైలో తేలింది: రోటేటర్ కఫ్‌లో సుప్రాస్పైనేటస్ టెండన్‌కి పాక్షికంగా చిరుగు.

భుజం కీలులో గిన్నె లోతు తక్కువ, అందులో ఆడే బంతి పెద్దది. అది జారకుండా నాలుగు కండరాలు చుట్టూ పట్టి ఉంచుతాయి, అదే రోటేటర్ కఫ్. నాది చిరిగింది పైదానికి, అది భుజం పై ఎముక కింద ఇరుకు సందులోంచి పోతుంది. చిరుగు అనగానే కుట్టించుకోవాల్సిందే అని నా టెన్షన్. అరవై దాటినవాళ్లలో ఏ నొప్పీ లేకుండానే ఇలాంటివి స్కాన్లలో బయటపడుతుంటాయని, పాక్షికం కాబట్టి ముందు వ్యాయామమేనని అన్నారు. కిందపడో దెబ్బ తగిలో పూర్తిగా తెగి చెయ్యి లేవకపోతే మాత్రం ఆలస్యం చేయకూడదట, అప్పుడు ఆపరేషన్ సంగతి తొందరగా తేల్చుకోవాలి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించీ అడిగాను, కొన్ని వారాలు నొప్పి తగ్గిస్తుంది గానీ చిరుగును అతికించదు, మాటిమాటికీ వేయించుకుంటే టెండన్‌కే చేటు అన్నారు. వద్దనుకున్నాను.

ఇక ఫిజియో. మొదటి వారాల్లో బల్ల పట్టుకుని ముందుకు వంగి, చేతిని గడియారం లోలకంలా వేలాడదీసి ఊపడమే, ఇంత చిన్నపనికి ఇక్కడిదాకా రావాలా అనిపించింది. తర్వాత అసలు పరీక్ష మొదలైంది: చుట్టిన టవల్‌ని మోచేతికీ పక్కటెముకలకీ మధ్య ఇరికించి, మోచెయ్యి మడిచి, రబ్బరు బ్యాండుని బయటివైపు లాగాలి. టవల్ జారిందంటే మోచెయ్యి ఒంటిని వదిలేసినట్టే, ఆ లెక్క చెల్లదు. మొదటి రోజు ఎనిమిదోసారి లాగేసరికే చెయ్యి వణికింది. చేసేటప్పుడు కాస్త నొప్పి ఫర్వాలేదు, మర్నాటికి కూడా మిగిలితే తగ్గించమన్నారు, నాకు బాగా పనికొచ్చిన మాట అదొక్కటే.

ఆరు వారాలదాకా పెద్ద తేడా లేదు, రెండుసార్లు మానేద్దామనుకున్నాను కూడా. మూడో నెలలో ఒకరోజు జగ్గు వంచి నీళ్లు పోసుకున్నాక గుర్తొచ్చింది, అది కుడిచేత్తోనని. ఇప్పటికీ ఆ వైపు పడుకుంటే తెల్లారేసరికి కాస్త సలుపుతుంది. బ్యాండు తలుపు హ్యాండిల్‌కే వేలాడుతోంది, ఇంట్లో ఎవరు తలుపు వేయబోయినా దాన్ని చూసి విసుక్కుంటున్నారు.