బాబాయ్ కోసం వన్‌టౌన్‌లో బార్ వెతికాను

మా బాబాయ్‌కి మొన్న సంక్రాంతికి 70 నిండాయి. విశాఖ పోర్టులో 36 ఏళ్లు క్రేన్ ఆపరేటర్‌గా చేశాడు. ఇప్పుడు గోపాలపట్నంలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. పిన్ని పోయాక మనిషి బాగా మాట తగ్గించేశాడు. ఏప్రిల్‌లో ఓ ఆదివారం భోజనాలయ్యాక ఉన్నట్టుండి నాతో అన్నాడు: "ఒరేయ్, నెలకోసారి మా నలుగురినీ ఎక్కడైనా కూర్చోబెట్టరా. వన్‌టౌన్‌లోనే. తాగడం పెద్ద లెక్క కాదు. కూర్చోవాలి."

వన్‌టౌన్ అంటే విశాఖలో పాత ఊరు. బాబాయ్‌తో కలిపి ఆ నలుగురూ ఒకే షిఫ్టువాళ్లు. ఇప్పుడు ఒకాయన మల్కాపురం, ఒకాయన కంచరపాలెం, ఇంకొకాయన అల్లిపురం. ఉద్యోగంలో ఉన్నప్పుడు పాత పోస్టాఫీసు దగ్గర ఒక చిన్న బార్‌లో కలిసేవారట. 1995 జనవరిలో మద్యనిషేధం వచ్చినప్పుడు అది టిఫిన్ హోటల్ అయింది. 1997లో నిషేధం ఎత్తేశాక మళ్లీ బార్ అయింది. ఆ తర్వాత బిల్డింగ్ చేతులు మారింది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల షాపు.

బీచ్ రోడ్డులో కూర్చోబెట్టొచ్చు కదా అన్నారు మా ఇంట్లో. అక్కడ ఒక్క మనిషికయ్యే బిల్లుతో వీళ్లు నలుగురూ సరిపెట్టుకోగలరు. పైగా పాటల హోరు. ఇక వైన్ షాపులో కొనుక్కుని ఏ గోడ పక్కనో నిలబడి తాగే వయసు వాళ్లది కాదు. కాబట్టి నాకు కావలసినవి కాగితం మీద రాసుకున్నాను. మెట్లెక్కే పని ఉండకూడదు, ఒకాయనకి మోకాలి ఆపరేషన్ అయింది. కుర్చీకి వెనక ఆనుకోవడానికి ఉండాలి. ఎదుటివాళ్ల ముఖం కనపడేంత వెలుతురుండాలి. బాత్రూమ్ శుభ్రంగా ఉండాలి. మనిషికి 400 దాటకూడదు.

ముందు ఫోన్‌లో వెతికాను. ఒక వారం దండగ. అక్కడ స్టార్లు ఇచ్చేది కుర్రాళ్లు. బిర్యానీ ఎలా ఉంది, ఏసీ బాగా పనిచేస్తోందా అన్నవే రాస్తారు. గుమ్మంలో ఎన్ని మెట్లున్నాయో ఎవరూ రాయరు. తర్వాత ఒక శనివారం రాత్రి ఎనిమిదింటికి వెళ్లి చూశాను. ఆ వేళలో ఏ బార్ చూసినా ఒకలాగే ఉంటుంది: చీకటి గది, నీలం లైటు, టీవీలో క్రికెట్, కిక్కిరిసిన జనం. అందుకని పద్ధతి మార్చాను. మామూలు రోజుల్లో, సాయంత్రం నాలుగింటికి, నడిచి.

ఈ నడక నాకు చాలా ఇచ్చింది. నేను పుట్టింది విశాఖలోనే అయినా, పెరిగింది ఎంవీపీ కాలనీలో. వన్‌టౌన్ అంటే పూర్ణా మార్కెట్‌కి వచ్చి వెళ్లిపోవడమే తెలుసు. జగదాంబ జంక్షన్ నుంచి టౌన్ కొత్త రోడ్డు మీదుగా కురుపాం మార్కెట్ దాకా నాలుగు సాయంత్రాలు తిరిగాను. కోట వీధి అని పేరుంది, కోట లేదు. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారు పైకప్పు లేకుండా ఆకాశం కిందే ఉంటుంది, ఎవరి పూజ వాళ్లే చేసుకోవచ్చు. కొండల మీద ఒకదానిపై చర్చి, ఒకదానిపై దర్గా, ఒకదానిపై వెంకన్న గుడి. 1933లో పోర్టు తెరిచినప్పుడు ఊరంటే ఈ వీధులే. తర్వాత ఊరు ఉత్తరానికి పాకిపోయింది, డబ్బున్నవాళ్లు వెళ్లిపోయారు. పాత పెంకుటిళ్లు, చెక్క వసారాలు ఇంకా అక్కడక్కడా మిగిలాయి. బాబాయ్ వన్‌టౌన్‌లోనే అని ఎందుకు పట్టుబట్టాడో రెండో రోజుకే అర్థమైంది.

మొదటి బార్ బాగుంది కానీ మేడ మీద. రెండోదానిలో రెండు లార్జ్ పెగ్గులు చెప్పాను. నోటితో చెప్పిన రేటు ఒకటి, బిల్లులో పడింది ఇంకొకటి. అడగని పల్లీల ప్లేటుకీ డబ్బు వేశారు. గట్టిగా అడిగితే తగ్గించారు గానీ, పెద్దవాళ్లని అలాంటి చోటుకి పంపలేను. ఆ రోజు నుంచి పెగ్గులు చెప్పడం మానేశాను. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ సీసా సీలుతో టేబుల్ మీదికి తెప్పించుకుని, మన ముందే మూత తీయించుకోవాలి. బార్‌లో సీసా మీదున్న ఎంఆర్‌పీ కంటే ఎక్కువే తీసుకుంటారు, ఎంత ఎక్కువో ముందే అడగాలి. అడిగితే విసుక్కునే చోట కూర్చోకూడదు. మూడో బార్ చూడ్డానికి అందంగా ఉంది, పాత దూలాలు, ఎత్తు కిటికీలు. బాత్రూమ్ చూసి బయటికొచ్చేశాను.

చివరికి దారి చూపించింది టౌన్ కొత్త రోడ్డు పక్క సందులో ఉడకబెట్టిన శనగలు అమ్మే బండాయన. సాయంత్రం పూట చుట్టుపక్కల బార్లన్నిటికీ శనగలు ఆయనవే. "ఎంతమందండీ? కుర్రోళ్లా, పెద్దోళ్లా?" అని అడిగాడు. పెద్దవాళ్లే అన్నాను. "అయితే అక్కడికెళ్లండి" అని చేత్తో చూపించాడు.

దాని పేరు ఇక్కడ రాయను. ఎనిమిది టేబుళ్లే ఉన్నాయి, జనం పెరిగితే ఈ నలుగురికీ చోటుండదు. రోడ్డుకి సమానంగా ఉన్న గది, పాలరాయి పలక వేసిన టేబుళ్లు, రెండు ట్యూబులైట్లు, ఆపేసి ఉన్న టీవీ. మూలలో ఇద్దరు పెద్దాయనలు పేపర్ చదువుకుంటున్నారు. బాత్రూమ్‌లో ఫినాయిల్ వాసన. సర్వర్‌కీ అరవై దాటే ఉంటాయి. నెత్తళ్ళ వేపుడు ఉందా అని అడిగాను.

"లేదు బాబూ. వేట ఆపీసారు కదా. జూన్ 14 దాకా బోట్లెల్లవు. ఐసులో పెట్టింది ఎక్కడైనా దొరుకుద్ది గానీ, మేం పెట్టం. గుడ్డుంది, శనగలున్నాయి."

నేను వెతుకుతున్నది దొరికిందని అప్పుడనిపించింది. తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరపడవల వేట ఆపేస్తారు. ఫిషింగ్ హార్బర్ ఇక్కడికి దగ్గరే. అదే నెలలో ముందు చూసిన బార్లలో రెండుచోట్ల ఫ్రెష్ చేప అని చెప్పే పెట్టారు. ఇక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఇంకోసారి నేనొక్కణ్నే వెళ్లాను. రేటు మారలేదు, మనిషీ మారలేదు.

జూన్ నెలాఖర్లో నలుగురినీ తీసుకెళ్లాను. బళ్లు తీసుకురావద్దని ముందే ఒట్టేయించుకున్నాను. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే, ఈ వయసులో అది ఎవరికీ వద్దు. వచ్చేటప్పుడు పాత పోస్టాఫీసు బోర్డున్న బస్సు, వెళ్లేటప్పుడు ఆటో. కంచరపాలెం ఆయన షుగర్ మాత్రల వల్ల సోడాతోనే కూర్చున్నాడు, ఎవరూ బలవంతం చేయలేదు.

నెత్తళ్ళు వచ్చాయి, కరివేపాకుతో, వేళ్లు కాలేంత వేడిగా. పావుగంట తినడమే. తర్వాత మాట మొదలైంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు డ్యూటీలో ఎవరున్నారన్న దాని మీద అరగంట వాదించుకున్నారు. మా బాబాయ్ టేబుల్ మీద చేత్తో కొట్టి మరీ మాట్లాడాడు. ఆయన గొంతు అంత పెద్దగా విని రెండేళ్లయింది. నేను పక్క టేబుల్‌కి మారి కూర్చున్నాను.

బిల్లు 1,240. రెండు క్వార్టర్లు 500, నెత్తళ్ళు రెండు ప్లేట్లు 360, ఆమ్లెట్లు, శనగలు, సోడాలు, నీళ్లు కలిపి మిగతాది. మనిషికి 310. నేనివ్వబోతే బాబాయ్ నా చెయ్యి తోసేశాడు. నలుగురూ పంచుకుని ఇచ్చి, సర్వర్‌కి ఇంకో వంద పెట్టారు.

వెళ్లేటప్పుడు బాబాయ్ కౌంటర్ దగ్గర ఆగి, పెన్షన్ ఒకటో తారీఖున పడుతుంది, కాబట్టి ప్రతి నెలా రెండో తారీఖు సాయంత్రం నాలుగింటికి వస్తాం, ఆ కిటికీ పక్క టేబుల్ కావాలి అన్నాడు. కౌంటర్‌లో ఆయన గోడకున్న క్యాలెండర్ పేజీ తిప్పి, 2 పక్కన పెన్నుతో రాసుకున్నాడు: పోర్టు నలుగురు.