బ్యాండ్ ఫీజు కట్టేస్తే మన పని అయిపోలేదండీ

మా అమ్మాయి హైస్కూల్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తుంది, బాబు మిడిల్ స్కూల్ ఆర్కెస్ట్రాలో వయోలా. మేం డాలస్‌కి ఉత్తరాన ఉంటాం, చుట్టుపక్కల మనవాళ్ళు బోలెడు మంది. ఈ ఏడాది పిల్లల్ని ఆరో క్లాసుకి పంపుతున్నవాళ్ళు వరసపెట్టి అడుగుతున్నారు, బ్యాండ్ ఇప్పించమంటారా ఆర్కెస్ట్రానా, ఈ బూస్టర్ క్లబ్ పేరుతో మెయిల్స్ వస్తున్నాయి అవేంటి, స్కూల్ ట్యాక్స్ అంతంత కడుతున్నాం కదా మళ్ళీ ఈ డబ్బులెందుకు అని. ఒక్కొక్కళ్ళకి ఫోన్లో చెప్పేకన్నా ఒకేసారి రాసేస్తే అందరికీ పనికొస్తుంది కదా అని కూర్చున్నా.

ముందు ట్యాక్స్ సంగతి. డైరెక్టర్ల జీతాలు, బ్యాండ్ హాలు, బస్సులు, ఇవి స్కూల్ డిస్ట్రిక్ట్ చూసుకుంటుంది. ట్యూబా, యూఫోనియం, బాసూన్ లాంటి పెద్దవి, ఖరీదైనవి స్కూలే కొని పిల్లలకి కొంచెం ఫీజు తీసుకుని వాడుకోనిస్తుంది, ఫ్లూట్, క్లారినెట్, ట్రంపెట్ లాంటివైతే మనమే మ్యూజిక్ షాపులో నెలవారీ అద్దెకి తెచ్చుకోవాలి. ఇంతవరకు బానే ఉంది. కానీ టెక్సస్‌లో ఒక్కో స్టూడెంట్‌కి రాష్ట్రం లెక్కగట్టే బేసిక్ అలాట్‌మెంట్ 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఉండిపోయింది, చివరికి 2025లో పెంచింది ఎంతంటే 55 డాలర్లు. టీచర్ల జీతాలకి వేరేగా డబ్బు ఇచ్చారనుకోండి, కానీ ఈ మధ్యలో గుడ్ల దగ్గర్నుంచి బస్సు డీజిల్ దాకా అన్నీ ఎంత పెరిగాయో మనకి తెలీనిదేం కాదు. డిస్ట్రిక్ట్‌కి చెయ్యి బిగిసినప్పుడల్లా ముందు కోత పడేది ఇలాంటి వాటి మీదే.

అక్కడ ఆగిపోయిన ఖర్చంతా బూస్టర్స్ మీద, అంటే బ్యాండ్‌కి అండగా పేరెంట్స్ నడిపే క్లబ్ మీద పడుతుంది. మైదానంలో నడుస్తూ వాయించే మార్చింగ్ షోకి మ్యూజిక్ రాయించాలి, మైదానంలో ఏ పిల్ల ఏ క్షణంలో ఎక్కడుండాలో డ్రిల్ గీయించాలి, డ్రమ్స్‌కి ఒకరు, బ్రాస్‌కి ఒకరు, జెండాలు తిప్పే కలర్ గార్డ్‌కి ఒకరు అని అదనంగా నేర్పేవాళ్ళని పెట్టుకోవాలి, పోటీల ఎంట్రీ ఫీజులు, ట్రక్కు అద్దె, యూనిఫామ్‌లు ఉతికించడం, పిల్లలకి తిండి, నీళ్ళు. ఐదు ఆక్టేవ్‌ల మారింబా (చెక్క పలకల మీద కర్రలతో వాయించే పెద్ద వాయిద్యం) ఒక్కటే పది వేల డాలర్లు దాటుతుంది, పెద్ద బ్యాండ్‌కి అలాంటివి ఒకటితో సరిపోదు.

డబ్బు సంగతి అలా ఉంచండి, మనుషులు కావాలి. అది నాకు బ్యాండ్ వాయించే శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ గేముల్లోనే అర్థమైంది. గేమ్ మొదలవడానికి చాలా ముందే యూనిఫామ్ రూమ్‌లో ఓ పదిమంది అమ్మలు ఉంటారు, ప్యాంట్ పొడుగు తగ్గించడానికి లోపలవైపు బటన్ల వరస ఉంటుంది, పిల్ల ఎదిగిందంటే ఒక వరస కిందకి దించి నొక్కడమే, కుట్టు పని లేకుండా ఒకే ప్యాంట్ ఏళ్ళ తరబడి వేరువేరు పిల్లలకి సరిపోతుంది. టోపీలు నంబర్ వేసిన డబ్బాల్లో. టోపీ మీద ఈకల కుచ్చు ఉంటుంది కదా, ప్లూమ్ అంటారు, దాన్ని ముందే పెట్టరు, బస్సులో నలిగిపోతుందని. స్టేడియం గేటు దగ్గర పిల్లలు వరసలో నిలబడి తల కొంచెం వంచుతారు, అమ్మలు ఒక్కో టోపీలో ఒక్కో ప్లూమ్ గుచ్చుకుంటూ పోతారు, వర్షం పడేలా ఉంటే మళ్ళీ అన్నీ తీసేసి జాగ్రత్తగా పొడుగు పెట్టెలో పెడతారు. ఆ పని చేస్తున్నప్పుడు ఎవరి పిల్ల ఎవరో చూసుకోరు, ముందుకొచ్చిన ప్రతి తలకీ ఒక కుచ్చు, ఒక "గుడ్ లక్ బంగారం". నాకైతే ఆ నాలుగు నిమిషాల కోసమే వారమంతా ఎదురుచూడాలనిపిస్తుంది.

మా ఆయన పిట్ క్రూలో ఉన్నారు. మారింబాలు, వైబ్రాఫోన్లు, గాంగ్, స్పీకర్లు, జెనరేటర్ ఇవన్నీ చక్రాల బండ్ల మీద ఉంటాయి, ట్రక్కులోంచి ర్యాంప్ మీదుగా దించి, హాఫ్ టైమ్‌కి మైదానం అంచుకి తోసుకెళ్ళి, షో అయిపోగానే మళ్ళీ వెనక్కి. పోటీల్లో ఐతే టైమ్ లెక్క ఉంటుంది, లైన్ దాటడం ఆలస్యమైతే పెనాల్టీ పడేది పిల్లలకి. కాబట్టి ఆఫీసుల్లో మేనేజర్లూ ఆర్కిటెక్టులూ అంతా ఒకే రంగు టీషర్ట్‌ వేసుకుని, బండి ఎక్కడ పట్టుకోవాలి, ఎటు తిప్పాలి అని ఓ ట్రక్ డ్రైవరు పేరెంట్ చెప్తుంటే బుద్ధిగా వింటారు. ఇండియా నుంచి వచ్చి ఇన్నేళ్ళయినా పక్కింటివాళ్ళతో హాయ్ బై దాటని మాకు, ఈ ఊళ్ళో నిజంగా స్నేహితులు దొరికింది అక్కడే.

ఇక కన్సెషన్ స్టాండ్. నాచోస్, హాట్ డాగ్స్, పికిల్స్, ఫ్రిటో పై అమ్ముతాం, మధ్యలో గ్యాప్ ఉండదు, హాఫ్ టైమ్‌కి లైన్ ఎక్కడిదాకా పోతుందో కనిపించదు. చాలామంది మనవాళ్ళు నన్నడిగేది ఒకటే, నేను నాలుగు షిఫ్టులు చేస్తే మా వాడి ఫీజులో ఎంత తగ్గిస్తారు అని. తగ్గించరండీ, తగ్గించకూడదు. బూస్టర్ క్లబ్ 501(సి)(3) కింద, అంటే ట్యాక్స్ మినహాయింపు ఉన్న సేవా సంస్థ, ఎవరు ఎంత సంపాదించి పెడితే వాళ్ళ పిల్లల ఖాతాలో అంత వేయడం అనేది ఐఆర్ఎస్ (ఇక్కడి ఇన్‌కమ్ ట్యాక్స్ శాఖ) ఒప్పుకోదు. వర్జీనియాలో ఒక జిమ్నాస్టిక్స్ బూస్టర్ క్లబ్‌కి ఇలా చేసినందుకే ట్యాక్స్ మినహాయింపు పోయింది, 2013లో ట్యాక్స్ కోర్టు కూడా ఐఆర్ఎస్ చెప్పిందే కరెక్టంది. వచ్చిన డబ్బు మొత్తం ప్రోగ్రామ్‌కే పోవాలి, ఫీజు కట్టలేని పిల్లలకి సాయం చేసేది కూడా అందులోంచే. నాకు ఈ రూల్ చాలా ఇష్టం. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టుంటే బ్యాండ్ అనేది నిలబడదు, రెండు ఉద్యోగాలు చేస్తూ ఏ షిఫ్ట్‌కీ రాలేని తల్లి కొడుకు కూడా అదే లైన్లో, అదే ప్లూమ్‌తో నడవాలి.

దీనికి తోడు మనలో ఎక్కువమంది పట్టించుకోని డబ్బు ఒకటుంది. మనం పనిచేసే కంపెనీల్లో చాలావాటికి మ్యాచింగ్ ఉంటుంది, మనం డొనేషన్ ఇస్తే అంతే మొత్తం కంపెనీ ఇస్తుంది, కొన్నైతే వాలంటీర్ చేసిన గంటలకి కూడా గంటకి ఇంత అని సంస్థకి పంపుతాయి. అంటే మీరు స్టాండ్‌లో నిలబడి నాచోస్ మీద చీజ్ పోసిన మూడు గంటలకి స్టాండ్ లాభం కాక వేరే చెక్కు వస్తుంది. గంటలు పోర్టల్‌లో ఎక్కించడమే పని, అది చాలామంది చెయ్యరు. ఒక్క మాట, పిల్లవాడి బ్యాండ్ ఫీజు డొనేషన్ కిందకి రాదు, దాన్ని మ్యాచింగ్‌కి పెట్టకండి.

ఇప్పుడు నాకు బాధ కలిగించే విషయం. ఆరో క్లాసులో మన పిల్లలు బ్యాండ్ హాలు నిండా ఉంటారు. పదో క్లాసుకొచ్చేసరికి సగం మంది కనిపించరు. కారణం ర్యాంకు. ఏపీ క్లాసుకి (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి క్లాసు) జీపీఏలో, అంటే ర్యాంకు లెక్కగట్టే మార్కుల సగటులో, వెయిట్ ఎక్కువ, బ్యాండ్‌కి మామూలు క్లాసు వెయిటే, కాబట్టి బ్యాండ్‌లో నూటికి నూరు వచ్చినా యావరేజ్ కిందకే లాగుతుంది. పైగా ఆస్టిన్‌లో యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) క్లాసు ర్యాంకుని బట్టి ఇచ్చే ఆటోమేటిక్ అడ్మిషన్ టాప్ 6 శాతం నుంచి 2026 ఫాల్‌కి 5 శాతానికి దిగింది, ఇంక చెప్పాలా, మాన్పించెయ్యండి అని వాట్సాప్ గ్రూపులే సలహా ఇస్తాయి. ఆ భయం నాకు తెలుసు, మా ఇంట్లోనూ మాటలు నడిచాయి. కానీ చదువు పాడవుతుందన్నది మాత్రం నేను ఒప్పుకోను. స్కూల్ టైమ్ కాక వారానికి 8 గంటలకి మించి ప్రాక్టీస్ పెట్టకూడదని, టెక్సస్‌లో స్కూళ్ళ పోటీలు నడిపే సంస్థ యూఐఎల్ రూల్ ఉంది. మార్కు 70కి తగ్గితే పోటీకి పంపరు, కొన్ని అడ్వాన్స్‌డ్ క్లాసులకి మినహాయింపు ఉన్నా ఆ రూల్ 1984 నుంచీ ఉంది. మార్చింగ్ బ్యాండ్ చేస్తే పీఈ క్రెడిట్ కూడా వచ్చేస్తుంది, ఆ పీరియడ్‌లో ఇంకో ఏపీ పెట్టుకోవచ్చు. మీ స్కూల్లో కొన్ని క్లాసులని జీపీఏ లెక్కలోంచి తీసేసే అవకాశం ఉందేమో కౌన్సెలర్‌ని అడగండి, డిస్ట్రిక్ట్‌ని బట్టి మారుతుంది. అడక్కుండా మాన్పించకండి. షో డ్రిల్‌లో ప్రతి పిల్లకీ ఒక చోటు రాసి ఉంటుంది, మధ్యలో ఒకరు వెళ్ళిపోతే ఆ ఆకారంలో అక్కడ నిజంగానే ఖాళీ కనిపిస్తుంది, పక్కవాళ్ళంతా మళ్ళీ మొదట్నుంచి సర్దుకోవాలి.

ఆర్కెస్ట్రా గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలు ఎక్కువ ఉండేది అక్కడే, సాయం తక్కువ అందేదీ దానికే. ఫుట్‌బాల్ గేమ్ లేదు, కన్సెషన్ జనం లేరు, బూస్టర్ క్లబ్ అంటే ఓ నలుగురైదుగురు అమ్మలు. ఒక్కరుగానో చిన్న జట్టుగానో వాయించే సోలో అండ్ ఎన్‌సెంబుల్ పోటీకి పియానో తోడు వాయించేవాళ్ళని డబ్బులిచ్చి తెచ్చుకోవాలి, మన ఇళ్ళల్లో పియానో ఎన్నో ఏళ్ళు నేర్చుకున్న కాలేజీ పిల్లలు ఎంతమంది లేరు! బాబు క్లాసులో ఒక పిల్ల కర్ణాటక వయొలిన్ కూడా నేర్చుకుంటోంది, ఇంట్లో కింద బాసింపట్టు వేసుకుని వయొలిన్ చివర పాదం మీద ఆనించి, తీగలు స ప స ప శ్రుతిలో, స్కూల్లో కుర్చీలో నిటారుగా కూర్చుని భుజం మీద పెట్టుకుని జి డి ఏ ఈ. రెండూ మార్చి మార్చి వాయిస్తుంది ఆ చిట్టి తల్లి.

మాది విజయనగరం. 1919లో అక్కడ మహారాజా వారు సంగీత కళాశాల పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ చెప్పారు, తర్వాత ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. అక్కడ సంస్థానం పూనుకుంది కాబట్టి అంత సంగీతం నిలిచింది. ఇక్కడ ఆ బాధ్యత పేరెంట్స్‌ది. మనకిది చేతకాని పనేం కాదు, క్లీవ్‌లాండ్‌లో త్యాగరాజ ఆరాధన 1978 నుంచి జరుగుతోందంటే అది మనలాంటి వాలంటీర్లు వంటలు, కుర్చీలు, రైడ్లు చూసుకోబట్టే కదా. తెలుగు అసోసియేషన్ ఉగాదికి వెయ్యి మందికి భోజనాలు పెట్టిన చేతులు శుక్రవారం స్టాండ్‌లో ఎందుకు కనిపించకూడదు?

ఇంట్లో క్లోజెట్‌లో పాత క్లారినెట్టో, బాబు ఎదిగిపోయిన హాఫ్ సైజ్ వయొలినో ఉంటే డైరెక్టర్‌కి మెయిల్ పెట్టండి, మీ స్కూల్‌కి అక్కర్లేకపోయినా అద్దె కట్టలేని పిల్లలున్న స్కూల్ ఏదో వాళ్ళకి తెలుస్తుంది. ఆగస్ట్ బ్యాండ్ క్యాంప్‌కి నీళ్ళు మోసేవాళ్ళు ఎప్పుడూ తక్కువే, 100 డిగ్రీల ఎండలో పిల్లలు పార్కింగ్ లాట్‌లో నడుస్తుంటారు, గంట సేపు వచ్చినా చాలు.

ఇంకొకటి, బూస్టర్ బోర్డు ఎలక్షన్లు చాలా స్కూళ్ళల్లో ఏప్రిల్, మే నెలల్లోనే అవుతాయి. ప్రెసిడెంట్ దొరుకుతారు కానీ ట్రెజరర్ దొరకరు, ప్రతి ఏడాదీ ఇదే గోల, నెలవారీ లెక్కలు, సేల్స్ ట్యాక్స్, ఐఆర్ఎస్‌కి ఏటా పంపే ఫామ్ 990 ఇవన్నీ చూడాలని భయపడతారు. మనలో అకౌంట్స్ వచ్చినవాళ్ళు, ఎక్సెల్ నిద్రలో కూడా నడిపేవాళ్ళు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. నామినేషన్ ఫామ్ మీకొచ్చిన బూస్టర్ మెయిల్ అడుగున ఉంటుంది, చూడండి. ఫామ్ 990 ఎలా నింపాలో మా ట్రెజరర్ గారు నేర్పిస్తామన్నారు, కావాలంటే కింద కామెంట్ పెట్టండి, కలుపుతా.