కరివేపాకు మీద పక్షి రెట్ట

కరివేపాకు మొక్క ఉన్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు కనిపించేదే. లేత రెబ్బ మీద నల్లగా, మధ్యలో తెల్లటి మచ్చతో, అచ్చం పక్షి రెట్టలాంటిది ఒకటి అంటుకుని ఉంటుంది. కొందరు చెంబుడు నీళ్లు కొట్టి కడిగేస్తారు, కొందరు ఆ రెబ్బే తుంచి పారేస్తారు. రెండు నిమిషాలు ఆగి చూస్తే ఆ రెట్ట నడుస్తుంది. అది సీతాకోకచిలుక పిల్ల. ఇంట్లో మూడేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లలుంటే అంతకు మించిన బొమ్మ బజార్లో దొరకదు. ఖర్చల్లా రోజుకి రెండు మూడు రెబ్బల కరివేపాకు, దాదాపు నెల రోజుల ఓపిక.

పిల్లల్లో ఆశ్చర్యాన్ని ఎలా పెంచాలి అని చాలామంది అడుగుతుంటారు. మూడేళ్ల పిల్లకి ఆశ్చర్యపోవడం ఎవరూ నేర్పక్కర్లేదు. చీమల బారు కనిపిస్తే చాలు, స్కూలు బస్సొచ్చినా లేవదు. పెద్దవాళ్లం చేయాల్సింది దాన్ని చెడగొట్టకుండా ఉండటమే. తొందరపెట్టి, అడగకముందే వివరించి, మధ్యలో ఫోన్ పైకెత్తి మనం రోజూ చెడగొడుతూనే ఉంటాం. మెల్లగా మారే ప్రాణిని ఒకదాన్ని ఇంట్లో పెట్టుకుంటే ఈ మూడు అలవాట్లూ వాటంతటవే కొంత సద్దుమణుగుతాయి. దాన్ని తొందరపెట్టడం ఎవరి వల్లా కాదు కదా.

కరివేపాకు మీదా, నిమ్మ, బత్తాయి, నారింజ మొక్కల మీదా గుడ్లు పెట్టేవి మన దగ్గర ముఖ్యంగా రెండు రకాలు: కామన్ మోర్మన్, లైమ్ బటర్‌ఫ్లై. గుడ్డు లేత పసుపు రంగులో గుండ్రంగా, మిల్లీమీటరంత ఉంటుంది. ఆవగింజని పక్కన పెడితే గింజే పెద్దగా కనిపిస్తుంది. ముదురాకుల మీద వెతికి లాభం లేదు, చిగుళ్ల దగ్గరే చూడాలి. గుంపుగా పెట్టదు, ఒక్కో చోట ఒక్కటే. మూడు నాలుగు రోజుల్లో గుడ్డు రంగు ముదిరి పిల్ల బయటికొస్తుంది, ముందుగా తన గుడ్డు పెంకునే తింటుంది. వెతికే పని పిల్లలకే అప్పగించండి. వాళ్ల కళ్లు చిగురు ఎత్తులోనే ఉంటాయి, మనకంటే ముందు వాళ్లకే దొరుకుతుంది.

మొక్క మీదే వదిలేసి చూడొచ్చు, అదే మంచిది కూడా. కాకపోతే పిట్టలు, చీమలు, కందిరీగలు చాలావాటిని మిగలనివ్వవు. చివరిదాకా చూడాలనుకుంటే ఒకటో రెండో లోపలికి తెచ్చుకోవచ్చు, అంతకు మించి వద్దు. కావాల్సినవి: ఐదు లీటర్ల పారదర్శకమైన డబ్బా, మూత బదులు పాత దోమతెర ముక్క, దాన్ని బిగించడానికి రబ్బరు బ్యాండు, అడుగున పరచడానికి న్యూస్‌పేపరు, ఏటవాలుగా ఆనించడానికి పెన్సిలంత లావు పుల్ల. రెబ్బలు వాడిపోకుండా ఉండాలంటే వాటిని నీళ్లున్న చిన్న మందు సీసాలో పెట్టి, సీసా మూతిని దూదితో గట్టిగా కూరాలి. ఈ దూది దగ్గరే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. సందు మిగిలితే పురుగు కాడ వెంట దిగి నీళ్లలో పడి చచ్చిపోతుంది. డబ్బాకి వెలుతురు తగలాలి గానీ ఎండ తగలకూడదు.

మార్కెట్లో కొన్న కరివేపాకు మాత్రం వేయకండి. పురుగుమందు కొట్టిన ఆకు ఎన్నిసార్లు కడిగినా నమ్మకం లేదు. పొద్దున వేస్తే సాయంత్రానికి పురుగు ముడుచుకుపోయి ఉంటుంది. వేపనూనె పిచికారీ చేసిన మొక్క అయినా అంతే. మొక్క ఇంటిదో, మందు కొట్టలేదని గట్టిగా తెలిసిన పక్కింటిదో అయి ఉండాలి. ఆకు మీద తడి లేకుండా గుడ్డతో తుడిచి పెట్టాలి. పేపరు రోజూ మార్చాలి. పెంటికలు తడిసి బూజు పడితే పురుగుకి జబ్బు చేస్తుంది, మెత్తబడి నల్లగా వేలాడిపోతుంది. ఆ పెంటికలనీ పిల్లలు ఇష్టంగానే చూస్తారు. మొదట్లో గసగసాలంత, చివరికి మిరియాలంత అవుతాయి. పేపరు మార్చే డ్యూటీ ఐదేళ్ల పిల్లకి ఇస్తే ఒక్క రోజు మర్చిపోదు.

చేత్తో పట్టుకోనివ్వకండి. ఆకుతో సహా జరపాలి, లేదంటే మెత్తటి పెయింటింగ్ బ్రష్ వాడాలి. కదిపితే తల వెనక నుంచి ఎర్రటి పంగల కొమ్ము ఒకటి టక్కున బయటికొస్తుంది, ఘాటైన వాసన కూడా. శత్రువుని బెదిరించడానికి దానికున్న ఆయుధం అది. ఒకసారి చూస్తే చాలు, పిల్లలు సరదాకి పదేపదే గుచ్చితే ఆపాలి. "అది భయపడినప్పుడే అలా చేస్తుంది" అంటే చాలు, అర్థమైపోతుంది. ఇంకో నియమం కచ్చితంగా ఉండాలి: నున్నటి పురుగుల్ని చూడొచ్చు, బొచ్చు పురుగుల జోలికి వెళ్లకూడదు. మునగ చెట్టుకి పట్టే బొంత పురుగు తగిలితే ఒళ్లంతా దద్దుర్లే.

రోజూ ఒక దారప్పోగు తీసుకుని, పురుగు పక్కన పట్టుకుని, దాని పొడవుకి కత్తిరించి క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో అతికించండి. స్కేలు కంటే ఇదే నయం. అంకెలు రాని పిల్లకి కూడా పెరుగుదల కంటికి కనిపిస్తుంది. మొదటి వారం పోగులు మినప్పప్పు బద్దంత ఉంటాయి. మూడో వారానికి పురుగు నాలుగు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఈలోపు నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. విడిచే ముందు ఒక రోజంతా మేత మానేసి, కదలకుండా కూర్చుంటుంది. జబ్బు చేసిందనుకుని చాలామంది అప్పుడే కదిపి చంపుకుంటారు. నాలుగో కుబుసంతో పక్షి రెట్ట వేషం పోతుంది. రాత్రి నల్లగా పడుకున్నది పొద్దునకల్లా ఆకుపచ్చగా ఉంటుంది.

ఆ పొద్దున పెద్దవాళ్ల నోరు మూతపడటం చాలా అవసరం. "చూశావా, ఇది మెటామార్ఫసిస్, గుడ్డు, లార్వా, ప్యూపా..." అని మొదలుపెడితే పిల్ల చూపు డబ్బా మీంచి మన మొహం మీదికి మళ్లుతుంది. ఆశ్చర్యం పోయి పాఠం వచ్చి కూర్చుంటుంది. ముందు చూడనివ్వాలి. అడిగితే, "నీకేమనిపిస్తోంది?" అనాలి. అన్నాక ఆగాలి. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త 1970లలో తరగతి గదులని గమనించి చెప్పిందేమిటంటే, ప్రశ్న వేశాక టీచర్లు మామూలుగా ఒక్క సెకను ఆగి తర్వాతి మాటకి వెళ్లిపోతున్నారట. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, జంకేవాళ్లు కూడా నోరు విప్పారు. మూడు సెకన్లు చిన్నదే అనిపిస్తుంది గానీ, జవాబు తెలిసిన అమ్మానాన్నలకి అది చాలా పొడుగు.

"పచ్చ రంగు వేసుకుంది, ఆకులో దాక్కోవడానికి" అని నాలుగేళ్లవాడు అన్నాడనుకోండి, దాన్ని దిద్దక్కర్లేదు. "పురుగు నాతో మాట్లాడింది" అంటే "ఏమంది?" అనండి. ఆ వయసులో చందమామకీ, బండరాయికీ, తన చెప్పులకీ కూడా మనసుంటుంది. స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే ఇలాంటి ఆలోచనల మీద చాలా రాశారు. వయసుతో పాటు అది దానంతటదే సర్దుకుంటుంది, మనం బలవంతాన ఊడబెరకడం దేనికి? ఇక ఆ మాట సాయంత్రం చుట్టాల ముందు "మొన్న వీడేమన్నాడో తెలుసా" అని చెప్పి నవ్వామంటే మళ్లీ అలాంటిది మన దగ్గర అనడు. ముద్దుగానే చెప్తాం మనం, కానీ వాడికి వినపడేది నవ్వు ఒక్కటే. చీకట్లో బూచాడున్నాడు, చెప్పిన మాట వినకపోతే కళ్లు పోతాయి అనే బెదిరింపులూ ఆ కోవలోవే. కొత్తదాని దగ్గరికి వెళ్లాలంటే ముందు భయం లేకుండా ఉండాలి.

ఇక గూడు. పుష్టిగా పెరిగిన పురుగు ఒక రోజు మేత మాని, నీళ్లలాంటి విరేచనం చేసి, డబ్బా అంతా కంగారుగా తిరుగుతుంది. ఇది కూడా జబ్బు కాదు, చోటు వెతుక్కోవడం. దోమతెర వదులుగా ఉంటే ఆ రాత్రే పారిపోయి బీరువా వెనక చేరుతుంది. పుల్ల మీద కుదురుకున్నాక తోకని పట్టుతో అతికించుకుని, నడుముకి పట్టు దారం ఒకటి చుట్టుకుని వెనక్కి వాలి కూర్చుంటుంది, కరెంటు స్తంభం ఎక్కిన లైన్‌మన్ బెల్టు మీద వాలినట్టు. మర్నాటికి చర్మం విడిచి ప్యూపా, అంటే కదలకుండా ఉండే గూడు, అవుతుంది. పచ్చటి ఆకుల మధ్య కట్టుకుంటే పచ్చగా, ఎండు పుల్ల మీద కట్టుకుంటే చాలావరకు గోధుమ రంగులో ఉంటుంది. అప్పటి నుంచి ముట్టుకోకూడదు, చోటు మార్చకూడదు. దాని చుట్టూ కనీసం నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలి. బయటికొచ్చాక రెక్కలు వేలాడదీసి ఆరబెట్టుకోవడానికి చోటు లేకపోతే అవి ముడతలు పడే గట్టిపడతాయి, ఇక ఎగరలేదు.

ఎనిమిది నుంచి పన్నెండు రోజులు ఏమీ జరగదు. చలికాలమైతే ఇంకా ఎక్కువ. పిల్లలకి విసుగొస్తుంది, రానివ్వండి. ఆ ఖాళీని వీడియోలతో నింపొద్దు, అసలు వీడియోలో అంతా నలభై సెకన్లలో అయిపోతుంది. (రెండేళ్ల నుంచి నాలుగేళ్ల పిల్లలకి తెర రోజుకి గంట దాటొద్దనీ, అదీ ఎంత తక్కువైతే అంత మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.) విసుగొచ్చిన రోజు అడగకుండానే బొమ్మ గీస్తారు, పక్కింటి పిల్లల్ని పిలుచుకొస్తారు, లోపల ఏముందో తలా ఒక కథ చెప్తారు. జర్మనీలో 1647లో పుట్టిన మరియా సిబిల్లా మెరియన్ పదమూడేళ్లకే పట్టుపురుగులు పెంచుతూ రోజూ చూసింది రాసుకునేది, గీసుకునేది. పురుగులు బురదలోంచి పుడతాయని పెద్దలు చాలామంది నమ్ముతున్న కాలం అది.

ప్యూపా నల్లబడి రెక్కల మచ్చలు పైకి కనిపిస్తే మర్నాడు పొద్దున్నే అన్నమాట. ఆ రోజు పిల్లల్ని ఆరింటికే లేపొచ్చు. పగిలి బయటికి రావడం రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది, తర్వాత గంటో రెండు గంటలో రెక్కలు ఆరబెట్టుకుంటుంది. ఎర్రటి గోధుమ రంగు చుక్కలు కిందపడితే రక్తం అనుకుని కంగారుపడొద్దు, లోపల మిగిలిన వ్యర్థం అది. ఆ పొద్దున ఫోన్ వేరే గదిలో ఉండాలి. రీల్ కోసం "ఇటు చూడు, ఆశ్చర్యపో" అని పిల్లకి చెప్పేవాళ్లని చూస్తే జాలేస్తుంది. వర్షం లేని పగటిపూట నూరువరహాల చెట్టు దగ్గరో మందార దగ్గరో వదిలితే చాలు. నల్ల రెక్కల మీద తెల్ల పట్టీ ఉంటే చాలావరకు మోర్మన్ మగది. ఆడదాని వేషాలు రెండు మూడున్నాయి, ఒకటి విషమున్న వేరే సీతాకోకచిలుకని అనుకరిస్తూ ఎర్ర మచ్చలతో ఉంటుంది. తోక లేకుండా పసుపు చుక్కలుంటే లైమ్.

ఒక్కోసారి సీతాకోకచిలుక రాదు. ప్యూపాకి సన్నటి చిల్లు పడి, అందులోంచి చీమలంత కందిరీగలు బిలబిలా వస్తాయి. లోపలికి తేకముందో, గూడు కట్టిన కొత్తలోనో తల్లి కందిరీగ గుడ్లు పెట్టేసి ఉంటుంది. అప్పుడు రహస్యంగా ఇంకోటి తెచ్చి పెట్టడం, "నిద్రపోతోంది" అనడం రెండూ చేయకండి. పిల్లలు మాటని ఉన్నదున్నట్టు తీసుకుంటారు, తర్వాత తాము పడుకోవడానికే భయపడతారు. "చచ్చిపోయింది. దాని లోపల ఇవి పెరిగాయి" అంటే సరిపోతుంది. ఏడిస్తే ఏడవనివ్వండి. చాలాసార్లు ఏడుపు మధ్యలోనే "మరి ఇవేం తింటాయి?" అనే ప్రశ్న వస్తుంది.

కరివేపాకు దొరకని చలిదేశాల్లో కుండీలో సోయకూర గానీ సోంపు గానీ వేస్తే, అమెరికా తూర్పు, మధ్య రాష్ట్రాల్లో బ్లాక్ స్వాలోటెయిల్ అనే సీతాకోకచిలుక వాటి మీదికే వస్తుంది, పెంచే పద్ధతి దాదాపు ఇదే. ఇక్కడైతే తొలకరికి ఆరుద్ర కార్తెలో మఖమల్ లాంటి ఎర్రటి ఆరుద్ర పురుగులు తడి నేల మీద కొద్ది రోజులే కనిపిస్తాయి. వాటిని అగ్గిపెట్టెలో వేయకుండా నేల మీదే చూడాలి, ఎనిమిది కాళ్లు లెక్కపెట్టించొచ్చు. చందమామకైతే డబ్బా కూడా అక్కర్లేదు. పున్నమి నుంచి వరసగా నాలుగు రాత్రులు మేడ మీద ఎన్నింటికి కనిపించిందో రాయిస్తే, రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తోందని పిల్లలే పట్టుకుంటారు.

సీతాకోకచిలుక వెళ్లాక ఖాళీ ప్యూపా పెంకు పుల్లకే ఉంటుంది. దాన్ని పారేసే ముందు పిల్లల్ని అడగండి, వాళ్ల అగ్గిపెట్టెలో ఇప్పటికే చోటు తయారై ఉంటుంది. వంటింట్లో మాత్రం ఒక్క మార్పు తప్పదు: ఇక నుంచి పోపులో వేసే ప్రతి రెబ్బనీ ముందు తిప్పి చూసి, ఆ తర్వాతే దూయాలి.