గుడ్ల అట్ట, చింతపిక్కలు, ఫోన్‌లో ఒకటో క్లాసు లెక్కలు

2020 జూలైలో, కరోనాతో బళ్ళు మూసి ఉన్నప్పుడు, మా స్కూల్‌వాళ్ళు ఒకటో తరగతికి కూడా ఫోన్‌లోనే క్లాసులు అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆరేళ్ళ పిల్లల్ని బెంచీ మీద కూర్చోబెట్టడానికే సగం పీరియడ్ పోతుంది, ఫోన్ ముందు కూర్చుంటారా? మాది వైజాగ్‌లో గోపాలపట్నం వైపు చిన్న ప్రైవేటు స్కూలు, నా సెక్షన్‌లో 24 మంది. నాన్నల్లో ఆటో నడిపేవాళ్ళు, కాంట్రాక్టు పనులకెళ్ళేవాళ్ళు ఎక్కువ. ఇంటికి ఒకటే స్మార్ట్‌ఫోన్, అదీ పొద్దున్నే నాన్న జేబులో వెళ్ళిపోతుంది. అందుకని నా క్లాసు రాత్రి ఏడు తర్వాతే. అప్పట్లో వాట్సాప్ వీడియో కాల్‌లో ఎనిమిది మందికే చోటు, నేను పోను ఏడుగురు, ఎవరో ఒకరి నెట్ ఎలాగూ ఆగిపోతుంది కాబట్టి ఆరుగురి చొప్పున నాలుగు బ్యాచులు చేసి, రోజుకి రెండు బ్యాచులు పెట్టుకున్నా.

మొదటి రోజు అందరిచేతా ఒకటి నుంచి ఇరవై దాకా కోరస్‌గా చెప్పిద్దామనుకున్నాను. ఒకడు ఐదులో ఉంటే ఇంకొకడి గొంతు మూడు దగ్గర వినిపిస్తుంది, మధ్యలో ఎవరింట్లోనో కుక్కర్ విజిల్. రెండు రోజులకే మానేశా. అందరూ మ్యూట్‌లో ఉండి జవాబు వేళ్ళతో చూపించాలని రూలు పెట్టాను. తర్వాత తెలిసింది, అది చాలా మంచి రూలని. నేను మూడు వేళ్ళు అలా చూపించి ఇలా దించేస్తే లెక్కపెట్టే టైమ్ ఉండదు, చూసిన వెంటనే వాళ్ళూ అన్నే వేళ్ళు ఎత్తాలి. నాలుగు వరకు అందరూ టకటకా ఎత్తేవారు, ఐదూ ఆరు దగ్గర తికమక.

అసలు తలనొప్పి అమ్మలతో. పాపం వాళ్ళ టెన్షన్ వాళ్ళది. ఫ్రేములో కనిపించకుండా పక్కన కూర్చుని "ఐదమ్మా, ఐదు" అని గుసగుసలాడతారు, పిల్ల అటు చూసి ఐదు అంటుంది. చూసింది అమ్మ మొహం, నేర్చుకున్నది ఏమీ లేదు. ఎన్నిసార్లు చెప్పినా ఒక వారం ఆగి మళ్ళీ మొదలు.

అప్పుడే గుడ్ల అట్టలు గుర్తొచ్చాయి. ముప్పై గుడ్ల అట్టలో వరసకి ఐదు చొప్పున ఆరు వరసలుంటాయి కదా, రెండేసి వరసలు కత్తిరిస్తే ఒక్కో ముక్కకి పది గుంటలు, అట్టకి మూడు ముక్కలు. ఎనిమిది అట్టలు మా వీధి కిరాణా కొట్టాయన ఊరికే ఇచ్చాడు. ఒక్కో ముక్కతోపాటు ఇరవై చింతపిక్కలు కవర్లో వేసి స్కూల్ గేటు దగ్గర పెట్టాను, అమ్మలు వచ్చి పట్టుకెళ్ళారు. గుంటకి ఒక పిక్క. పై వరస నిండితే ఐదు, కింద రెండుంటే ఏడు, ఇంకా మూడు ఖాళీ. ఈ ఖాళీలే నాకు కావలసింది. ఏడుకి ఎన్ని కలిపితే పది అని నేను అడగక్కర్లేదు, అట్టే అడుగుతుంది.

ఫోన్‌ని పిల్లల మొహం మీద కాకుండా చేతుల మీదకి వంచమన్నాక నాకు చాలా విషయాలు కనిపించాయి. ఇరవై దాకా గడగడా అప్పజెప్పే బాబు, నోరు పది దగ్గరుంటే వేలు ఏడో పిక్క మీద ఉంది. ఇంకో పాప చక్కగా ఎనిమిది లెక్కపెట్టింది, "అయితే మొత్తం ఎన్నమ్మా?" అంటే మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టింది. మళ్ళీ అడిగా, మళ్ళీ మొదలెట్టింది. అంటే చివర చెప్పిన అంకే మొత్తం అని దానికి ఇంకా తట్టలేదు, లెక్కపెట్టడం ఒక పాటలాంటిది దానికి. క్లాసులో ఇరవై నలుగురి గోలలో నేను దీన్ని ఎప్పుడూ పట్టుకోలేదు, ఒప్పుకుంటున్నా.

ఒకడైతే "లాభం, రెండు, మూడు..." అని మొదలెట్టాడు. వెనకాల వాళ్ళ నానమ్మ నవ్వుతూ, "బియ్యం కొలిసినప్పుడు ఒకటి అనకూడదు టీచరుగారూ, మేం లాభం అనే మొదలెడతాం" అంది. దిద్దలేదు. పిక్కకో మాట పడుతోంది, వరస తప్పట్లేదు, అంతకంటే ఏం కావాలి? ఇంగ్లీషులో చెప్పేవాళ్ళే "ట్వంటీ నైన్, ట్వంటీ టెన్" అంటున్నారు.

మా కరస్పాండెంట్ గారికి మాత్రం ఒకటి నుంచి వంద దాకా రాసిన పేజీల ఫొటోలు కావాలి. ఫీజు కట్టేవాళ్ళకి చూపించాలట. వారానికి ఒక పేజీ రాయించి ఇచ్చేశా, గొడవెందుకని.

2021 ఫిబ్రవరి 1న ఒకటి నుంచి ఐదు తరగతులు తెరిచారు. రోజుకి సగం మందే, బెంచీకి ఒకరు, ఎవరి వస్తువు ఇంకొకరు ముట్టుకోకూడదు. గుడ్ల అట్టలే మళ్ళీ డబ్బాల్లో వేసుకుని వచ్చారు, శానిటైజర్ వాసనతో. మా వరండా బండలు రెండడుగులవి, కాబట్టి ఆరడుగుల దూరం అంటే మూడు బండలు, అది వాళ్ళే కొలుచుకునేవారు. పన్నెండుమందే ఉన్నా గది నిండా విడివిడిగా కూర్చునేసరికి ఒకడు "ఇవాళ ఎక్కువమంది వచ్చాం టీచర్" అన్నాడు. ట్రైనింగ్‌లో, పిల్లలు ఎలా ఆలోచిస్తారో చెప్పిన పియాజే పేరు పరీక్ష కోసం బట్టీపట్టానేగానీ, దూరదూరంగా పెడితే ఎక్కువున్నట్టు పిల్లలకి అనిపిస్తుందన్నది నాకు అర్థమైంది ఆరోజే.

ఆ వారమే దాచే ఆట ఆడించాను. ఎనిమిది పిక్కలు లెక్కపెట్టించి, కొన్ని గ్లాసు కింద దాచి, దాచినవెన్నో అడగడం. మొత్తం ఎన్నంటే మళ్ళీ మొదలెట్టే ఆ పాప దగ్గరికెళ్ళా. బయట ఐదు ఉన్నాయి. అలవాటు కొద్దీ పక్కకి తిరిగి చూసింది, అక్కడ అమ్మ లేదు, గోడ ఉంది. కాసేపు గ్లాసునే చూసి ఏదో అంది, మాస్కులోంచి నాకు వినపడలేదు. వేళ్ళు చూపించమన్నాను. మూడు ఎత్తింది.