కొర్రమీనును జీవంతో ఒడ్డుకు తేవాలంటే: పుట్టిమీద ఒక రోజు, నా అనుభవం

కట్టమీద బండి ఆపిన బేరగాడు ముందు బరువు అడగడు. "జీవమున్నదా అన్నా?" అంటాడు. మృగశిర కార్తె దగ్గరపడే రోజుల్లో ఆ మాట ఇంకా గట్టిగా వినిపిస్తుంది. చచ్చిన కొర్రమీనుకు రవ్వ చేప ధర కూడా పలకదు. అందుకే ములుగు వైపు చెరువుల్లో మత్స్యకారుల సంఘం లైసెన్సు మీద గాలం వేసే నేను ఎన్ని పడ్డాయన్నదాని కన్నా ఎన్ని బతికున్నాయన్నదే చూసుకుంటాను.

కొర్రమీను గాలి పీల్చే చేప. మొప్పలొక్కటే దానికి చాలవు, మధ్యమధ్య పైకి తేలి నోటితో గాలి మింగాల్సిందే. పైకి రాకుండా ఆగిపోయిందా, నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. రాత్రి తంగూసు (నైలాన్ దారం) వల వేసి తెల్లారి లాగితే అందులో చిక్కిన కొర్రమీను కట్టెలా బిగుసుకుపోయి వచ్చేది ఇందుకే. బొచ్చెకు, రవ్వకు వల సరే. కొర్రమీనుకు మాత్రం నేను కట్టె గాలమే వాడతాను.

రామప్ప, పాఖాల, లక్నవరం లాంటి కాకతీయుల చెరువులు కొండల మధ్య సందుకు కట్ట పోసి నిలబెట్టినవి. కట్ట కింద లోతు, శికం (నీళ్లు తగ్గితే బయటపడే చెరువు నేల) వైపు పలచన. కొర్రమీను ఉండేది ఆ పలచన నీళ్లలోనే, తామర, తుంగ అంచుల్లో, మోకాలి లోతు నుంచి నడుము లోతు దాకా. పొద్దున అయిదున్నరకు కొండ నీడ ఇంకా నీళ్లమీద పరుచుకుని ఉంటుంది. ఆ నీడ తొలగేలోపు గాలాలన్నీ పాతెయ్యాలి.

నా పుట్టి, అంటే గుండ్రటి బుట్ట పడవ, ఆరడుగులది. వెదురు బద్దల అల్లిక, మీద ప్లాస్టిక్ సంచులు కుట్టి తారు పూసింది. తెడ్డు పక్కన వేస్తే పుట్టి గిర్రున తిరుగుతుంది. ముందు వైపు వంగి, నీళ్లను ఒకసారి కుడి నుంచి, ఒకసారి ఎడమ నుంచి మన వైపు లాక్కోవాలి. ఇద్దరుంటే ఎదురెదురుగా కూర్చోవాలి, ఇద్దరూ ఒకే వైపు వంగొద్దు.

వెదురు కట్టెలు 30 తీసుకెళ్తాను, ఒక్కోటి ఆరేడడుగులు, కొన వంగేవి. అడుగున బురదలో రెండడుగులు దిగేలా వాలుగా గుచ్చుతాను. కొనకు 0.60 మిల్లీమీటర్ల తంగూసు, దాని చివర గాలం. తంగూసు పొడవు దగ్గరే చాలామంది తప్పుతారు. పొడుగైతే చేప తామర కాడల్లోకి దూరి చుట్టుకుంటుంది, మళ్లీ పైకి రాలేదు. పొట్టిదైతే ఎర నీళ్లకు అందదు. ఎర నీటి మట్టానికి జానెడు లోపలే ఆడాలి, పట్టుకున్న చేప కట్టెను వంచి అయినా మూతి బయట పెట్టగలగాలి.

ఎర బతికున్న పరక అనే చిన్న చేప. వీపు రెక్క కింద తోలులోంచి మాత్రమే గాలం గుచ్చాలి, నడుమెముక తగిలితే పది నిమిషాల్లో వెల్లకిలా తేలుతుంది. కప్ప పిల్లకైతే కొర్రమీను ఇంకా తొందరగా వస్తుంది కానీ దానితో ఒక తంటా ఉంది. అందేంత దూరంలో తామరాకు ఉంటే ఎక్కి దర్జాగా కూర్చుంటుంది, ఇక సాయంత్రం దాకా ఆ గాలం దండగ. కట్టె చుట్టూ మూరెడు మేర ఆకులు తెంపాకే కప్పను వదలాలి. తెంపినా ఒక్కోసారి నీరుకట్టె పాము దాన్ని మింగి గాలానికి వేలాడుతుంది.

గంటకోసారి చుట్టు తిరగాలి, ఎండ ముదిరితే ఇంకా ముందే. కొన ఊగుతుంటే మంచిదే. వంగి కదలకుండా ఉంటే చేప కాడల్లో ఇరుక్కుందని అర్థం, ముందు అటే పోతాను. తంగూసును గుంజకూడదు, కాడలు కోసి వదులు చేయాలి. తడి గోనె సంచితో తల వెనక పట్టుకుంటే జిగురు పోదు, చేయీ జారదు. గాలం గొంతులోకి దిగిపోతే పీకను, తంగూసు తెంపి గాలాన్ని లోపలే వదిలేస్తాను. పీకితే రక్తం కారి సాయంత్రానికి ఎలాగూ చస్తుంది. బేరగాడికి మాత్రం గాలమున్న చేప ఇదీ అని చూపించి ఇస్తాను, ఇంట్లో కోసేవాళ్ల చేతికి గాలం గుచ్చుకోకూడదు కదా.

పట్టిన చేపలు వేసే డ్రమ్ములో నీళ్లు జానెడే పోయాలి. నిండా పోస్తే ఎగిరి దూకుతుంది, మరీ లోతైతే గాలి కోసం పైకీ కిందికీ తిరిగి అలిసిపోతుంది. నీళ్లు చెరువువే ఉండాలి, నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. మూతకు చిల్లులు, మీద తడి గోనె. 50 లీటర్ల డ్రమ్ములో ఎనిమిది కిలోలు దాటనివ్వను, మధ్యాహ్నం నీళ్లు మారుస్తాను. పెద్దవాటితో చిన్నవాటిని కలిపితే కొరుక్కుంటాయి.

తొలకరి పడ్డాక నీటిమీద ఎర్రటి కొర్రమీను పిల్లల గుంపు కనిపిస్తే అక్కడ కట్టె పాతను. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, ఏది దగ్గరికొచ్చినా మీద పడతాయి కాబట్టి పట్టడం మహా తేలిక. అవి పోతే పిల్లలన్నీ వేరే చేపల పాలు.

సాయంత్రం గాలి లేవకముందే కట్టెలు పీకాలి, ఎదురుగాలికి పుట్టి ముందుకు కదలదు. పీకేటప్పుడు లెక్కపెడతాను. 29 వచ్చాయంటే తుంగలోకి మళ్లీ తిరగాల్సిందే, ఆ ఒక్కటీ రేపు నీళ్లకు దిగే బర్రె మూతికి గుచ్చుకుంటుంది.